బ్యాటరీ బొమ్మ వెలిగితే తప్పెవరిది?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే. రాత్రి తొమ్మిది దాటింది, సూర్యాపేట ఇంకా దూరం ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా చిన్న పెట్టె బొమ్మ వెలిగిందనుకుందాం. పెట్టె మీద ఒక ప్లస్, ఒక మైనస్. ఇంజిన్ చప్పుడులో తేడా లేదు, ఏసీ చల్లగానే వస్తోంది. ‘బ్యాటరీ పోయినట్టుంది, ఊరెళ్లాక కొత్తది వేయిద్దాంలే’ అని కారులోవాళ్లు మళ్లీ కబుర్లలో పడతారు. కాసేపటికి హెడ్‌లైట్లు మసకబారతాయి, స్టీరింగ్ బిగుసుకుంటుంది, ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది. మర్నాడు నాలుగైదు వేలు పోసి కొత్త బ్యాటరీ వేయిస్తారు. రెండు రోజులు తిరక్కుండానే అదే బొమ్మ మళ్లీ వెలుగుతుంది.

అక్కడ వెలిగింది బ్యాటరీ బొమ్మే గానీ, అది నిందిస్తున్నది బ్యాటరీని కాదు. బ్యాటరీకి అందాల్సిన కరెంటు అందడం లేదని మాత్రమే ఆ దీపం చెబుతుంది. ఇచ్చేవాడి దగ్గర లోపమా, దారిలో ఎక్కడైనా తెగిందా, పుచ్చుకునేవాడికి సత్తువ లేదా అన్నది మనం కనిపెట్టుకోవాలి. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ ఆగినా ఇవే మూడు అనుమానాలు. కాకపోతే అక్కడ నాలుగోవాడు ఒకడున్నాడు. ‘ఇప్పుడు ఎక్కించక్కర్లేదు’ అని తనే నిర్ణయం తీసుకునే చిప్.

ముందు కారు సంగతి. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసం, ఆమ్లం బ్యాటరీయే రకరకాల మెరుగులు దిద్దుకుని ఇప్పటికీ బానెట్ కింద కూర్చుంది. 1912లో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ రావడంతో, హ్యాండిల్ తిప్పి ఇంజిన్ లేపే బాధ పోయి, ఆ పని బ్యాటరీ నెత్తిన పడింది. సెల్ఫ్ కొట్టిన ఆ ఒకటి రెండు సెకన్లలో చిన్న కారు కూడా వంద ఆంపియర్లకు పైగా లాగేస్తుంది. ఇంజిన్ అందుకున్నాక మాత్రం కారు నడిచేది బ్యాటరీ మీద కాదు. బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ అన్నిటికీ కరెంటు ఇస్తూ, మిగిలింది బ్యాటరీలోకి ఎక్కిస్తుంటుంది. మేడ మీద నీళ్ల ట్యాంకు, కింద మోటారు ఉన్న ఇల్లే ఇది. మోటారు కాలిపోయినా కాసేపు కుళాయిలో నీళ్లొస్తూనే ఉంటాయి. అంతమాత్రాన ట్యాంకు మార్చడం వల్ల లాభం లేదు.

ఈ దీపం పనిచేసే తీరు చాలా తేలిక. పాత పద్ధతిలో దాని ఒక కొసకు తాళం మీదుగా బ్యాటరీ కరెంటు వస్తుంది, రెండో కొస ఆల్టర్నేటర్‌కు తగిలించి ఉంటుంది. తాళం తిప్పగానే ఆల్టర్నేటర్ ఇంకా తిరగదు కాబట్టి కరెంటు ఇటునుంచి అటు పారి దీపం వెలుగుతుంది. ఇంజిన్ లేచాక రెండు కొసల్లోనూ వోల్టేజి సమానమవుతుంది. తేడా లేనప్పుడు పారేదేమీ ఉండదు, దీపం ఆరిపోతుంది. ఇప్పటి కార్లలో ఈ పని కంప్యూటర్ చూసుకుంటుంది, చెప్పే మాట మాత్రం అదే. 1930ల్లో అమెరికాలోని హడ్సన్ కంపెనీ ముల్లు మీటర్ల బదులు ఇలాంటి దీపాలు పెట్టింది. ముల్లు అయితే వోల్టేజి నెమ్మదిగా జారిపోవడం కళ్లకు కట్టేది, దీపానికి వెలగడం, ఆరడం తప్ప మధ్యలో ఇంకేమీ తెలియదు. అందుకే వీటికి ‘ఇడియట్ లైట్లు’ అనే వెక్కిరింపు పేరు కూడా వచ్చింది.

దీన్నిబట్టి ఇంకో విషయం తేలుతుంది. తాళం తిప్పినప్పుడు, ఇంజిన్ లేవకముందు, ఆ బొమ్మ తప్పనిసరిగా వెలగాలి. వెలగకపోతే సంతోషించాల్సిన పని లేదు. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్‌ను నిద్రలేపే మొదటి చిటికెడు కరెంటు ఆ దీపం గుండానే వెళుతుంది. బల్బు మాడిపోతే చార్జింగే మొదలుకాకపోవచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు రంగు, టైర్లు చూసేవాళ్లు ఈ ఒక్క క్షణం డ్యాష్‌బోర్డు కేసి చూస్తే చాలు. వెలగాల్సిన దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరాయో లేదో తెలిసిపోతుంది. లోపాన్ని దాచడానికి దీపాన్నే పీకేసే ఘనులు లేకపోలేదు.

మళ్లీ హైవే మీదికి. ఆల్టర్నేటర్ ఆగాక కారు ఎంతదూరం పోగలదు? లెక్క కట్టవచ్చు. రెండు హాలోజెన్ హెడ్‌లైట్లు కలిపి 110 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్, కంప్యూటర్ కలిసి ఇంచుమించు అంతే లాగుతాయి. ఏసీ బ్లోయరు, దానికి తోడు రేడియేటర్ ఫ్యాను తిరిగితే మొత్తం 30 ఆంపియర్లకు చేరుతుంది. చిన్న కార్లలో సాధారణంగా ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. కాగితం మీద గంటకు కాస్త ఎక్కువ, మూడేళ్లు వాడిన బ్యాటరీకి అందులో సగం. కాబట్టి బొమ్మ వెలిగిన వెంటనే ఏసీ, మ్యూజిక్, సీటు పక్కన చార్జవుతున్న ఫోన్లు కట్టేయాలి. రాత్రిపూట హెడ్‌లైట్లు మాత్రం కట్టకూడదు. దగ్గర్లో వెలుతురు, మనుషులు ఉన్న చోటు చూసుకుని ఆపాలి. అక్కడికి చేరేదాకా ఇంజిన్ ఆపకూడదు, ఆపితే మళ్లీ లేవదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే నీళ్ల పంపునూ తిప్పుతుంది. బ్యాటరీ బొమ్మతో పాటు ఉష్ణోగ్రత ముల్లు కూడా పైకి ఎక్కుతోందంటే బెల్టు తెగినట్టే లెక్క. అప్పుడు ఒక్క కిలోమీటరు కూడా పోకుండా పక్కకు తీసి ఇంజిన్ కట్టేయాలి. ఆల్టర్నేటర్ రిపేరు వేలల్లో తెమిలిపోతుంది, వేడికి వంగిన సిలిండర్ హెడ్డు బిల్లు అంతకు ఎన్నో రెట్లు.

డ్యాష్‌బోర్డు బొమ్మలకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందుకే ఏ దేశం కారయినా నూనె డబ్బా బొమ్మ నూనె డబ్బాలాగే ఉంటుంది. ఎరుపైతే ఇప్పుడే చూడాలి, పసుపైతే త్వరలో చూపించాలి, ఆకుపచ్చ, నీలం అయితే ఏదో ఆన్‌లో ఉందని చెప్పడమే. పసుపు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలిగితే మెకానిక్ దాకా మెల్లగా వెళ్లవచ్చు. అదే మిణుకుమిణుకుమంటుంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండక పొగగొట్టంలోకి పోతున్నట్టు. ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది.

ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ బొమ్మలు ఒకేసారి వెలిగి కంగారు పెట్టే సందర్భం ఇంకొకటి. అన్నీ ఒకే రోజు పాడవ్వవు. చాలాసార్లు దీనికి మూలం వోల్టేజి పడిపోవడమే. లోపల ఉన్న చిన్న చిన్న కంప్యూటర్లకు కరెంటు చాలక ఒక్కొక్కటీ తన గోడు వెళ్లబోసుకుంటుంది. కోడ్ రీడర్ పెట్టి పుట్టెడు లోపాల జాబితా చూపించి భయపెట్టే చోట ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: బ్యాటరీ వోల్టేజి చూశారా?

ఆ వోల్టేజి చూడటానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న కారు బ్యాటరీ పొద్దున్నే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగితే దాదాపు అడుగంటినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూస్తే అంకె ఒక్కసారి పడిపోతుంది. అయినా 9.6 కంటే కిందికి పోకూడదు, పోతే బ్యాటరీ వయసైపోయిందనే అనుమానించాలి. ఇంజిన్ లేచాక 13.8 నుంచి 14.5 మధ్య కనిపిస్తే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది. ఇంజిన్ తిరుగుతున్నా 12 చిల్లర దగ్గరే ఆగి, రేజ్ ఇచ్చినా కదలకపోతే దోషం ఆల్టర్నేటర్‌దో, దాని బెల్టుదో, వైరుదో. 15 దాటితే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. బ్యాటరీ ఉడికిపోతుంది, కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, అందులో నీళ్లు తొందరగా తగ్గిపోతాయి.

ఇక్కడ కొత్త కార్లవాళ్లకు ఒక హెచ్చరిక చెప్పాలి. ఇంధనం ఆదా చేయడానికి ఇప్పటి కార్లలో కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను ఒక్కోసారి నెమ్మది చేస్తుంది, బ్రేకు వేసినప్పుడు గట్టిగా పనిచేయిస్తుంది. అలాంటి కారులో ఇంజిన్ ఆన్‌లో ఉండగా 12.8 కనిపించినా లోపం కాకపోవచ్చు. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి రెండు నిమిషాల తర్వాత మళ్లీ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి లేచే కార్లకు వేరే రకం బ్యాటరీ కావాలి. తక్కువ ధర అని మామూలుది వేయిస్తే అది ఎక్కువ కాలం మన్నదు.

మీటరు లేని రోజుల్లో మెకానిక్‌లు ఒక చిట్కా వాడేవాళ్లు. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకేసి, ఇంజిన్ ఆగకపోతే ‘ఆల్టర్నేటర్ బాగుంది’ అని తేల్చేవాళ్లు. అంబాసిడర్ కాలంలో అది చెల్లింది. నేటి కారులో ఆ పని చేస్తే బ్యాటరీ ఆసరా పోయిన ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్ని కంప్యూటర్లను కాల్చేయగలదు. రోడ్డు పక్కన ఎవరైనా స్పానర్‌తో ఆ పరీక్షకు సిద్ధమైతే చేయి పట్టుకుని ఆపడమే మేలు.

దారిలో లోపాలు అన్నిటికంటే చవకగా తీరేవి, అన్నిటికంటే ఎక్కువగా కళ్లుగప్పేవి కూడా. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూసే పొడి కరెంటును అడ్డుకుంటుంది. సెల్ఫ్ కొడితే టక్‌మని ఆగిపోవడం, వైరును చేత్తో కదిపితే మళ్లీ లేవడం దీని గుర్తులు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి, పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే సరిపోతుంది. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు చివర మైనస్ వైరు. బ్యాటరీ నుంచి కారు బాడీకి వెళ్లే ఎర్త్ వైరు తుప్పు పట్టినా ఇదే గొడవ. పాతికేళ్ల అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ ముందుగా తడిమేది దాన్నే.

పొద్దున్నే బ్యాటరీ డౌన్, నెట్టి స్టార్ట్ చేశాక రోజంతా బాగానే ఉంటుంది, మర్నాడు పొద్దున్న మళ్లీ మామూలే. ఇలాంటప్పుడు రాత్రిపూట ఎవరో కరెంటు తాగుతున్నారని అర్థం. తాళం వేసిన కారు కూడా గడియారానికీ అలారానికీ కొంత ఖర్చు పెడుతుంది. అది 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే తప్పులేదు. ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, 35 బ్యాటరీ సగానికి రావడానికి రెండు వారాలు. బయట కొని బిగించిన డ్యాష్‌క్యామ్ రాత్రింబవళ్లు పావు ఆంపియర్ లాగితే మూడు రోజులకే అదే గతి. 2020 లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలని కార్లు తీరా తీస్తే లేవకపోవడానికి కారణం ఈ చిన్న ఖర్చే. దొంగను పట్టుకోవాలంటే మైనస్ వైరు విప్పి, దానికీ టెర్మినల్‌కూ మధ్య మీటరును ఆంపియర్లలో పెట్టి, కారు పూర్తిగా నిద్రపోయేదాకా అరగంట ఆగి, ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూస్తారు. ఏ ఫ్యూజు తీయగానే అంకె పడిపోతుందో ఆ దారిలోనే లోపం. ఆల్టర్నేటర్ లోపలి డయోడ్ ఒకటి పోయినా రాత్రిపూట కరెంటు వెనక్కి కారిపోతుంది.

తెలుగు నేల మీద బ్యాటరీకి అసలు శత్రువు ఎండ. సీసం బ్యాటరీ 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగం కోల్పోతుందని లెక్క. రెంటచింతల, రామగుండం వేసవిలో బానెట్ కింద వేడి ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమరాన్ బ్రాండు మొదలుకుని ఇక్కడి తయారీదారులంతా వేడిని తట్టుకోవడం గురించే గొప్పగా చెప్పుకోవడం ఊరికే కాదు. షికాగోలోనో మినియాపొలిస్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు కథ తిరగబడుతుంది. మైనస్ 18 డిగ్రీల్లో బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది, చిక్కబడిన ఆయిల్‌లో ఇంజిన్‌ను తిప్పడానికి కావలసిన బలం పెరుగుతుంది. అమెరికా బ్యాటరీల మీద కోల్డ్ క్రాంకింగ్ అని ఉండే అంకె ఆ చలిలో కొలిచినదే. విచిత్రమేమిటంటే అక్కడ కూడా బ్యాటరీని చంపేది వేసవే, శవం బయటపడేది మాత్రం చలికాలంలో.

బ్యాటరీ పైన గుండ్రటి కన్నులాంటి గాజు ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటే బాగున్నట్టు, నల్లగా ఉంటే చార్జి చేయాలి. దాన్ని పూర్తిగా నమ్మకూడదు. బ్యాటరీలో ఆరు అరలుంటే ఆ కన్ను చూసేది ఒక్కదాన్నే. మిగతా ఐదింటిలో ఏది చచ్చినా అది పచ్చగా నవ్వుతూనే ఉంటుంది. ఇక ఇంకో కారు నుంచి కేబుళ్లతో లేపేటప్పుడు ఎర్ర కేబుల్ ప్లస్ నుంచి ప్లస్‌కు. నల్ల కేబుల్ ఒక కొస బాగున్న బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస మాత్రం డౌన్ అయిన బ్యాటరీకి కాకుండా ఆ కారు ఇంజిన్ మీద రంగు లేని లోహానికి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు పేరుకుని ఉండవచ్చు, చివరి నిప్పురవ్వ అక్కడ పడకూడదు.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. అందులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది, దీని మూలపురుషులు ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. కారు బ్యాటరీ మూగది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మాట్లాడుతుంది. అందులో ఒక చిప్, వేడి కొలిచే సెన్సర్ ఉంటాయి. ఎంత నిండిందీ, ఎంత వేడెక్కిందీ, ఎన్నిసార్లు చార్జ్ అయిందీ ఎప్పటికప్పుడు యంత్రానికి చెబుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ చార్జింగ్ ఆగిపోతే ఏదో పాడైందని తేల్చేయకూడదు. ఆపాలని నిర్ణయించి ఆపి ఉండవచ్చు.

అన్నిటికంటే ఎక్కువమందిని బెంబేలెత్తించేది ఇదే. చార్జర్ పెట్టే ఉంది, విండోస్ మాత్రం ‘ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్’ అంటుంది, అంకె 60 దగ్గరో 80 దగ్గరో గడ్డకట్టుకుపోయి ఉంటుంది. లిథియం బ్యాటరీ ఎప్పుడూ నూరు శాతం నిండి, వేడిగా ఉంటే తొందరగా ముసలిదైపోతుంది. రోజంతా చార్జర్‌కు తగిలించే వాడేవాళ్ల కోసం లెనోవో, ఆసుస్, డెల్, హెచ్‌పీ, యాపిల్ అందరూ మధ్యలోనే ఆపేసే సదుపాయం పెట్టారు. కంపెనీవాళ్ల యాప్‌లోకో, బయోస్ సెట్టింగుల్లోకో వెళ్లి చూస్తే ఆ మీట కనిపిస్తుంది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు దాన్ని అలాగే ఉంచుకోవడం మంచిది. ప్రయాణం ముందురోజు మాత్రం తీసేస్తే చాలు.

రెండో అనుమానితుడు అడాప్టర్. డెల్, హెచ్‌పీ గుండ్రటి పిన్నుల మధ్యలో సన్నని సూది ఒకటి ఉంటుంది. అది కరెంటు కోసం కాదు, ‘నేను ఫలానా వాట్ల అసలైన అడాప్టర్‌ను’ అని పరిచయం చేసుకోవడానికి. సూది వంగినా, లోపలి తీగ తెగినా కంప్యూటర్ ఆన్ అవుతుంది గానీ బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ కూడా నెమ్మదిస్తుంది. అడాప్టర్ రకం తెలియడం లేదని డెల్ తెరమీదే చెప్పేస్తుంది. అయినా మనం వెళ్లి బ్యాటరీ మార్పించుకొస్తాం. తెలిసినవాళ్ల దగ్గర అదే రకం అడాప్టర్ తెచ్చి ఒక పది నిమిషాలు పెట్టి చూడటం కంటే చవకైన పరీక్ష లేదు.

యూఎస్‌బీ-సీ వచ్చాక తీగలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అసలు చిక్కంతా అక్కడే. మామూలు సీ కేబుల్ 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే ఎక్కువలో ఎక్కువ 60 వాట్లు. వంద వాట్ల చార్జర్ కొని మామూలు కేబుల్ తగిలిస్తే 60 దాటదు. అంతకు మించి కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబులే ఉండాలి. ఫోన్ చార్జర్ పెడితే కొన్ని యంత్రాలు ‘స్లో చార్జర్’ అని గొణుగుతాయి, కొన్ని అసలు పట్టించుకోవు. అన్ని సీ పోర్టులూ కరెంటు తీసుకోవు కూడా, పక్కన ప్లగ్ గుర్తో బ్యాటరీ గుర్తో ఉన్నదే తీసుకుంటుంది. గేములాడుతున్నప్పుడు చార్జర్ ఉండగానే శాతం తగ్గిపోతోందంటే ఖర్చుకు రాబడి చాలడం లేదని అర్థం. ఐరోపా సమాఖ్య 2026 ఏప్రిల్ 28 నుంచి ల్యాప్‌టాప్‌లకు కూడా ఈ సీ పోర్టును తప్పనిసరి చేసింది. రేపటి గందరగోళమంతా కేబుళ్ల చుట్టూనే ఉండబోతోంది.

పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని సినిమా చూసేవాళ్లకు మే నెలలో ఇంకో అనుభవం ఎదురవుతుంది. గాలి రంధ్రాలు మూసుకుపోయి లోపల వేడెక్కితే చిప్ చార్జింగ్ ఆపేస్తుంది. బల్ల మీద పెట్టి, ఫ్యాను కింద పావుగంట ఉంచితే దానంతటదే మొదలవుతుంది. ఏ కారణమూ తోచనప్పుడు సర్వీసు సెంటర్‌లో మొదట చేసేదే ఇంట్లోనూ చేయవచ్చు. పూర్తిగా కట్టేసి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోయి చార్జింగ్ చూసే చిప్ మళ్లీ మొదటి నుంచి పని మొదలెడుతుంది. ఇంత చిన్న పనికి ఎన్నో ‘పోయిన’ బ్యాటరీలు తిరిగి లేచాయి.

బ్యాటరీయే ముసలిదైందా అన్నది తేల్చడానికి విండోస్‌లోనే ఒక దాపరికం లేని లెక్క ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని రెండు మాటలూ కలిపి రాస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి సామర్థ్యం, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు మిగిలింది. 50,000 అని ఉన్నచోట 25,000 కనిపిస్తే తెరమీద నూరు శాతం అని చూపినా నిజానికి ఉన్నది సగమే. మ్యాక్‌లో చార్జింగ్ సైకిళ్ల సంఖ్య కనిపిస్తుంది, ఇప్పటి మ్యాక్‌బుక్‌లకు యాపిల్ చెప్పే హద్దు వెయ్యి. నలభై శాతం దగ్గర ఉన్నట్టుండి ఆరిపోతే బ్యాటరీ పాతబడింది, లేదా దాని చిప్ లెక్క తప్పింది. ఒకసారి నిండుగా ఎక్కించి, పూర్తిగా దిగేదాకా వాడి, మళ్లీ నింపితే లెక్క సర్దుకోవచ్చు.

చార్జింగ్ దీపం రంగులకు కార్లలో ఉన్నంత కట్టుబాటు ఇక్కడ లేదు. యాపిల్ మ్యాగ్‌సేఫ్ పిన్ను మీద నారింజ రంగంటే ఎక్కుతోంది, ఆకుపచ్చంటే నిండింది. ఇతర కంపెనీల్లో తెలుపు, నారింజ రంగులకు ఎవరి అర్థాలు వాళ్లవి. డెల్‌లో బ్యాటరీ దీపం నారింజలో కొన్నిసార్లు, తెలుపులో కొన్నిసార్లు మిణుకుమంటే అది బ్యాటరీ గొడవ కాకపోవచ్చు. చాలా మోడళ్లలో నారింజ రెండు, తెలుపు మూడు అంటే ర్యామ్ కనిపించడం లేదని. తెర వెలగని యంత్రానికి ఆ ఒక్క దీపమే నోరు. సర్వీసుకు ఇచ్చేముందు ఆ మిణుకులను ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకుంటే బేరంలో మాట మనదవుతుంది.

ఒక్క లక్షణం దగ్గర మాత్రం పరీక్షలన్నీ పక్కన పెట్టాలి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగా పడకపోయినా, అడుగు భాగం బల్ల మీద ఊగినా లోపల బ్యాటరీ వాచినట్టే. చార్జర్ తీసేయాలి, వాడటం ఆపేయాలి, గుచ్చడం, నొక్కడం చేయకూడదు. 2006లో సోనీ సెల్స్‌లో చిక్కుకున్న సూక్ష్మమైన లోహపు రేణువుల వల్ల లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉందని డెల్ 41 లక్షలు, యాపిల్ 18 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిపించాయి. 2019లో యాపిల్ కొన్ని 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలను వెనక్కి రప్పించినప్పుడు, వాటిని తనిఖీ చేయించేదాకా విమానంలో తేవద్దని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రయాణికులను కోరింది. అమెరికా వెళ్లేవాళ్లు విడి బ్యాటరీలను చెక్ ఇన్ సామానులో పెట్టకూడదన్న నియమం వెనుక ఉన్నది ఈ మంటల భయమే. క్యాబిన్‌లో అయితే వంద వాట్ అవర్ల దాకా అడ్డు చెప్పరు. పాడైన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. కారు బ్యాటరీ విషయంలో ఆ నియమం లేకముందే దుకాణదారు పాతదాన్ని తీసుకుని ధర తగ్గిస్తున్నాడు, సీసానికి ఉన్న విలువ అలాంటిది.

ఎలక్ట్రిక్ కారు వచ్చాక ఈ రెండు లోకాలు కలిసిపోయాయి. కింద వందల వోల్టుల లిథియం ప్యాక్ ఉన్నా, దాన్ని మేల్కొలిపే స్విచ్‌లకు, తాళాలకు, తెరకు కరెంటు ఇచ్చేది చాలా కార్లలో ఆ పాత 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. అది డౌన్ అయితే ప్యాక్ 90 శాతం నిండి ఉన్నా కారు లేవదు, ఒక్కోసారి తలుపు కూడా తెరుచుకోదు. దానికి ఆల్టర్నేటర్ లేదు, పెద్ద ప్యాక్ నుంచి వోల్టేజి దించి నింపే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. 2024లో హ్యుందాయ్ భారత్‌లో 1,744 అయానిక్ 5 కార్లను, కియా 1,138 ఈవీ6 కార్లను వెనక్కి పిలిచింది ఆ పెట్టెలో లోపం ఉండవచ్చనే. అది పాడైతే 12 వోల్టుల బ్యాటరీ నిండదు, నడుస్తుండగా కారు శక్తి కోల్పోవచ్చు. సర్వీసు సెంటర్లలో ఆ పెట్టెను పరీక్షించారు, అవసరమైతే మార్చారు, సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించారు. వారాల తరబడి ఆగిన ఎలక్ట్రిక్ కారు పలకకపోతే రోడ్‌సైడ్ మెకానిక్ ఇప్పటికీ ముందు మల్టీమీటరు పెట్టి చూసేది ఆ చిన్న బ్యాటరీ మీదే. 12.6 ఉందా లేదా అని.